కాలిన గడి

ముందు వాసన వచ్చింది.

నర్సు రివర్సు గేరు వేసి, మెడ వెనక్కి తిప్పి, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, గోడకీ కరెంటు స్తంభానికీ మధ్య ఉన్న సందులోకి కారును నెమ్మదిగా దూరుస్తోంది. నేర్చుకోవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఏదో ఒకదానికి తగలకుండా ఒక్కసారీ దూర్చలేదు. ఈసారి దూరుతోంది. మబ్బు పట్టి మసకగా ఉందని హెడ్‌లైట్లు వేసుకుంది. పక్క సీట్లో టీచరమ్మ ఊపిరి బిగబట్టి అద్దంలో చూస్తోంది. ఆ డ్రైవింగ్ స్కూల్లో నేర్పేవాళ్ళలో ఆడమనిషి ఆమె ఒక్కతే. ఓనరు దగ్గర్నుంచి టీ తెచ్చే ఆయన దాకా అందరికీ ఆమె టీచరమ్మే.

"ఏదో మాడుతోందండీ," అంది నర్సు.

"క్లచ్ అయుంటుంది. కాలు తియ్యకండి. బాగా వస్తోంది, రానివ్వండి."

అన్నాక తెలిసింది, అది క్లచ్ వాసన కాదని. స్టీరింగు కింద నుంచి నర్సు మోకాళ్ళ మీదికి సన్నటి పొగ పాకుతోంది.

"ఆపండి! ఇంజను ఆపి దిగండి. ముందు దిగండి!"

నర్సు ఒక చెప్పు లోపలే వదిలేసి దూకింది. టీచరమ్మ బానెట్ ఎత్తి, సీటు కింద ఉండే స్పానరుతో బాటరీ నల్లతీగ బోల్టు వదులు చేసి, తీగను ఊడబెరికింది. పొగ ఇంకాసేపు బద్ధకంగా వచ్చి ఆగిపోయింది. నర్సు ఒంటికాలి మీద నిలబడి కారును తేరిపార చూసింది. గోడకీ స్తంభానికీ సరిగ్గా మధ్యలో ఉందది.

"చూశారా, తగల్లేదు," అంది.

కారును తోసుకుంటూ స్కూలు ముందుకు తెచ్చేసరికి ఓనరు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. మిగతా ఇద్దరు టీచర్లూ, పాఠానికి వచ్చినవాళ్ళూ చుట్టూ మూగారు. ఓనరు వంగి లోపలికి చూడను కూడా చూడలేదు.

"ఏం పెట్టావ్ ఇందులో? ఫోను చార్జింగూ, పాటలూ, ఫానూ అన్నీ ఒకేసారి పెట్టుంటావ్."

"హెడ్‌లైట్లు తప్ప ఏం లేవు సార్."

"హెడ్‌లైట్లకి బండి తగలబడుతుందా? అందుకే అంటాను, ఆడవాళ్ళకి స్టీరింగు తిప్పడం నేర్పచ్చు గానీ బండిని చూసుకోవడం నేర్పలేం అని." అందరికీ వినపడాలనే అన్నాడు. టీచర్లలో ఒకాయన నవ్వాడు. రెండో ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "సోమవారం నుంచి కౌంటర్లో కూర్చుని ఫోన్లెత్తు. అక్కడ కాలడానికేం లేదు."

టీచరమ్మ కంటే ముందు నర్సు అడిగింది.

"మరి గురువారం నా టెస్టు?"

"మిగతా రెండు బండ్లూ ఖాళీ లేవమ్మా. వచ్చే నెల చూద్దాం."

"వచ్చే నెల నాకెందుకండీ? ఇళ్ళకి వెళ్ళి రోగుల్ని చూసొచ్చే పోస్టు నాకిస్తామన్నారు. టెస్టు తర్వాత వచ్చే సోమవారానికి లైసెన్సు చూపించకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు."

ఓనరు చేతులు రెండూ గాల్లోకి ఎత్తి దించాడు. ఆ లెక్కన అది దేవుడి తప్పు.

అప్పటికే ఫోను చేసి పిలిపించిన ఎలక్ట్రీషియను వచ్చి, స్టీరింగు కింద మూత ఊడదీసి, టార్చి వేసి చూసి పెదవి విరిచాడు. "ఫ్యూజుల డబ్బా కరిగిపోయింది. ఈ పాత మోడలుకి కొత్త డబ్బా ఇప్పుడెక్కడ దొరుకుతుంది? మొత్తం వైరింగు మార్చాలి. దానికంటే తుక్కుకి ఇచ్చేసుకోవడం నయం."

"శుక్రవారం తుక్కు లారీని రమ్మంటాను," అన్నాడు ఓనరు.

టీచరమ్మ అప్పుడు నోరు తెరిచింది. "గురువారం దాకా నాకివ్వండి సార్."

"ఏం చేస్తావ్?"

"చూస్తాను."

ఓనరు నవ్వాడు. "చచ్చిన పామును కొత్తగా ఏం చంపుతావులే, తీసుకెళ్ళు. లేచి నడిచిందా, ఆ బండీ నీదే, ఆ స్టూడెంట్లూ నీవాళ్ళే."

చెప్పుల వైపు చూసుకున్న టీచరు తన బండికి తాడు కట్టి, పాత కారును ఇంటిదాకా లాగిపెట్టాడు. దారిపొడుగునా టీచరమ్మ చలనం లేని కారులో స్టీరింగు పట్టుకుని కూర్చుంది. ఎదురొచ్చే ప్రతివాళ్ళూ ఆమె వైపే చూస్తున్నట్టు అనిపించింది. నిజానికి వాళ్ళు తాడును చూస్తున్నారు.

ఆమె ఉండేది అన్నయ్య ఇంట్లో వెనకగదిలో. ముందుగది వదిన కుట్టుమిషనుది. వదినకు నోట్లో గుండుసూదులున్నంతసేపే మౌనం. కారు వచ్చి ఇంటిముందు రేకుల పందిరి కింద ఆగగానే వదిన సూదులన్నీ తీసి దిండుకు గుచ్చేసింది.

"ఏమైందే? మొహం అలా ఉందేం? ఎవర్నైనా గుద్దావా?"

చెప్పింది టీచరమ్మ. ఓనరు అన్న మాటా దాచలేదు. వదిన విని, లోపలికెళ్ళి మిషను మీద గుడ్డ కప్పి వచ్చింది.

అన్నయ్య పనిచేసేది బేకరీలో. చెవుల వెనక పిండితో ఇల్లు చేరి, పందిరి కింద కారునూ దాని తలుపులోంచి బయటికి ఉన్న రెండు జతల కాళ్ళనూ చూసి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఇదిగో, అది కారు. కుట్టుమిషను కాదు."

"దానికీ దారాలే, దీనికీ దారాలే," అంది వదిన లోపల్నుంచి. "అన్నం మూత పెట్టుంది, తిని గిన్నె కడిగెయ్."

ఆదివారం పొద్దున్నే, వెలుగు బాగా పడుతున్నప్పుడు, టీచరమ్మ పని మొదలుపెట్టింది. ముందు బాటరీ తీగ ఊడి ఉందో లేదో మళ్ళీ చూసుకుంది. డబ్బాను పట్టి ఉంచే స్క్రూలు రెండూ తీసింది. వెనక తీగల గుత్తితో సహా డబ్బా కిందికి వేలాడింది. అరచేయంత నల్ల ప్లాస్టిక్ దిమ్మె, వరసగా గళ్ళు, ఒక్కో గడిలో రంగుబిళ్ళలా ఒక్కో ఫ్యూజు. ఒక మూల మాత్రం గళ్ళు గళ్ళలా లేవు. కొవ్వొత్తి కారినట్టు కారి గడ్డకట్టాయి.

వదిన వెల్లకిలా పడుకుని, ఏటవాలుగా చూసింది. "ఇవేం చేస్తాయే?"

"ఒక్కో తీగకి ఒక్కో కాపలా. లోపల సన్నటి తీగ ఉంటుంది. కరెంటు ఎక్కువొస్తే అది తెగిపోయి మిగతాదాన్ని కాపాడుతుంది."

"మరి కాపాడలేదేం?"

టీచరమ్మ కాలిన గడిలో పటకారు పెట్టి మెల్లగా ఆడించి లాగింది. వచ్చింది ఫ్యూజు ఒక్కటే కాదు. ఫ్యూజు కాళ్ళు రెండింటికీ మెలితిప్పి చుట్టిన లావుపాటి రాగి తీగ కూడా.

"అర్థమైంది," అంది వదిన. "దారం తెగాల్సిన చోట ఇనప తీగతో కుట్టారు. దారమైతే కుట్టే పోయేది. ఇప్పుడు గుడ్డే చిరిగింది."

ఎవరు చుట్టారో టీచరమ్మకి తెలుసు. వానలు పడుతున్నప్పుడు ఓనరు ఆ కారును సొంతపని మీద దూరప్రయాణానికి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి హెడ్‌లైట్లలో కళ్ళు చెదిరే పెద్ద బల్బులు ఉన్నాయి. దారిలో పెట్టించానని గొప్పగా చూపించాడు కూడా. అంత పెద్ద బల్బులకి ఫ్యూజు ఆగదు. పోయుంటుంది. చీకట్లో, వానలో, చేతికందిన తీగ చుట్టి ఇల్లు చేరుంటాడు. ఆ తర్వాత మరిచిపోయుంటాడు. ఒళ్ళంతా మంట పుట్టింది ఆమెకి.

"పద," అంది వదిన లేచి చీర దులుపుకుంటూ. "ఇప్పుడే వెళ్ళి ఆయన మొహాన కొట్టొద్దాం."

"ఇప్పుడు కొడితే నేనే చుట్టానంటాడు వదినా. తుక్కు బండి పక్కన నిలబడి ఏం చెప్పినా తుక్కు మాటే అవుతుంది. ముందు బండి లేవాలి."

వదిన ఆ తీగను తీసుకుని కొంగున ముడివేసింది.

సోమవారం టీచరమ్మ కౌంటర్లో కూర్చుంది. ఫోన్లెత్తింది. నవ్విన టీచరు రెండుసార్లు వచ్చి, "ఏమిటి, ఫోను వేడెక్కలేదు కదా?" అని అడిగి వెళ్ళాడు. ఆమె పని అయిపోగానే తిన్నగా ఊరి చివర పాత కార్ల యార్డుకి వెళ్ళింది. వదిన అప్పటికే గేటు దగ్గర సంచి పట్టుకుని నిలబడి ఉంది.

యార్డంతా ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టిన కార్లు. అద్దాలు లేనివి, తలుపులు లేనివి, సీట్లలో గడ్డి మొలిచినవి. యార్డు మనిషికి నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు; అందరూ గుండు అనే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. మోడలు చెప్పగానే కళ్ళు మూసుకుని ఆలోచించి, యార్డు వెనక మూలకి తీసుకెళ్ళాడు. వెనక భాగమంతా నుజ్జయిన ఎర్ర కారు. డాష్‌బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు.

"పక్కకి జరగండి, కత్తెరతో కోసి క్షణంలో చేతిలో పెడతా," అన్నాడు గుండు.

"వద్దు," అంది టీచరమ్మ. "నేనే తీసుకుంటా. తీగలు కోయకుండా."

"ఇది ఎలాగూ చచ్చిన బండి కదమ్మా!"

"అందుకే. బతికించాల్సిన దాని మీద చేయి పెట్టే ముందు దీనిమీద నేర్చుకుంటాను."

గుండు ఒక టైరు మీద కూర్చుని వినోదం చూడ్డం మొదలుపెట్టాడు. మొదటి తీగ రాలేదు. గట్టిగా లాగితే తీగ చేతికొచ్చింది, దాని కొసన ఉండాల్సిన ఇత్తడి ముక్క లోపలే ఉండిపోయింది. రెండోదీ అంతే. టీచరమ్మ చెమట తుడుచుకుని గడిలోకి టార్చి వేసి చూసింది. ఇత్తడి ముక్కకి చిన్న నాలుక ఉంది. అది ప్లాస్టిక్‌ గట్టుకి తన్నిపెట్టి నిలబడింది. నాలుకను నొక్కితే గానీ ముక్క కదలదు. స్క్రూడ్రైవరు లావు. పిన్నీసు వంగిపోయింది.

"ఆగు," అని వదిన సంచిలోంచి గోనెలు కుట్టే దబ్బనం తీసింది. మొనను గడిలోకి పోనిచ్చి, కళ్ళు మూసుకుని, వేళ్ళతోనే వెతికింది. టిక్‌మంది. తీగ తనంతట తాను జారి టీచరమ్మ చేతిలోకి వచ్చింది.

"వచ్చిందే!" అని అరిచారు ఇద్దరూ ఒకేసారి.

"ఆపరేషను సక్సెస్సా అక్కా?" అన్నాడు గుండు టైరు మీంచి.

డబ్బా చేతికొచ్చేసరికి పొద్దు వాలింది. పగుళ్ళు లేవు. ఇత్తడి కాళ్ళు మసిపట్టాయి గానీ చిలుం తినలేదు. హెడ్‌లైట్ల నుంచి మామూలు బల్బులు కూడా ఊడదీసుకున్నారు. తూచి ఇవ్వబోయిన గుండు తక్కెడ పక్కన పెట్టేశాడు. "ఉంచుకోండి. ఇన్నేళ్ళలో ఇక్కడికొచ్చి కోయకుండా తీసినవాళ్ళని చూళ్ళేదు."

మంగళవారం సాయంత్రం డబ్బాను పాత పళ్ళ బ్రష్షుతో, స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టారు. పాత డబ్బా పక్కనే కొత్తదాన్ని తాడుతో వేలాడదీశారు. వదిన దబ్బనంతో నాలుక నొక్కుతుంది, టీచరమ్మ తీగ లాగి, పక్క డబ్బాలో అదే గడిలో టిక్‌మనే దాకా తోస్తుంది, వెనక్కి లాగి చూస్తుంది. నిలబడితే తర్వాతది. ఒక దానిలోంచి తీసి చేత్తో పట్టుకుని మాటల్లో పడకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. వదినకి అది కఠిన పరీక్షే అయింది.

కాలిన మూల దగ్గర పని ఆగింది. మూడు తీగలు కరిగిన ప్లాస్టిక్‌లో కూరుకుపోయాయి. వాటిని కోయక తప్పలేదు. కోసి, తీగ పైతొడుగు ఒలుచుకుంటూ వెనక్కి వెళ్ళింది టీచరమ్మ. నల్లబడ్డ రాగి కాస్త ఎర్రబడి, చివరికి కొత్త పైసాలా మెరిసేదాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి కొత్త తీగ అతికి, బిగించి, మీద వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం తొడిగి వేడి చేసింది. అన్నయ్య అగ్గిపుల్ల గీసి పట్టుకున్నాడు. "నా పొయ్యి కంటే మీదే మండుతోంది," అన్నాడు.

మూడింటిలో ఒకటి నీలం. మిగతా రెండూ ఎంత వెనక్కి ఒలిచినా ఎరుపే. ఒకటి హెడ్‌లైట్లది, ఒకటి హారనుది. ఏది ఏదో తెలియలేదు.

"లావుగా ఉన్నది హెడ్‌లైట్లదై ఉండాలి," అంది టీచరమ్మ. వేళ్ళ మధ్య రెండూ నలిపి చూసింది. చూసి చూసి వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఒకదాన్ని ఎంచుకుని గడిలోకి తోసింది.

బుధవారం వెలుగుండగానే హెడ్‌లైట్లలో పెద్ద బల్బులు తీసి మామూలువి వేసి, బాటరీ తీగ పెట్టారు. తాళం తిప్పితే డాష్‌బోర్డు మీద దీపాలు వెలిగాయి. ఇండికేటరు టకటకలాడింది. వైపర్లు కీచుమంటూ పొడి అద్దం మీద ఊగాయి. హారను కొడితే పక్కింటి ముసలాయన కిటికీలోంచి తల పెట్టి తిట్టాడు. ఆ తిట్టు కూడా తియ్యగా ఉంది. టీచరమ్మ హెడ్‌లైట్ల మీట తిప్పింది. ఎదురుగోడ మీద వెలుగు పడీ పడకుండానే ఆరిపోయింది.

ఆమె స్టీరింగు మీద నుదురు ఆన్చేసింది. "అయిపోయింది వదినా. లోపల ఇంకెక్కడో కాలింది. ఆయనన్నదే నిజం. నాకు తిప్పడమే వచ్చు."

వదిన కింద వంగి, ఆ గడిలో ఫ్యూజు పీకి, ఆకాశానికి ఎత్తి పట్టుకుని సూదిలో దారం ఎక్కించేటప్పటిలా ఒక కన్ను మూసి చూసింది. లోపలి తీగ తెగి ఉంది.

"ఏడుస్తావేంటే? ఇది తన పని తాను చేసింది. పాపం, నువ్వు చెప్పినట్టే చచ్చి కాపాడింది." ఫ్యూజు తిప్పి దాని వీపు మీద అంకె చదివింది. "పక్కదాని మీద పెద్ద అంకె ఉంది. దీని మీద చిన్నది. చిన్నపిల్లాడి చేత బస్తా మోయించావేమో?"

టీచరమ్మ తల ఎత్తింది. ఎరుపులు రెండూ తారుమారయ్యాయి. హెడ్‌లైట్లు హారను గడిలోకి, హారను హెడ్‌లైట్ల గడిలోకి వెళ్ళాయి. అంతే. బాటరీ తీగ తీసి, దబ్బనం పెట్టి, టిక్, టిక్, రెండూ మార్చి, కొత్త ఫ్యూజు గుచ్చింది. మీట తిప్పింది.

గోడంతా తెల్లబడింది. టీచరమ్మ ఆపలేదు. వెలుగు అలాగే ఉంది. ఆమె డబ్బా మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. బేకరీ నుంచి వస్తున్న అన్నయ్య సరిగ్గా ఆ వెలుగులోకి వచ్చి పడి, పిండి మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు.

"ఆపండమ్మా తల్లులారా! నేను దొంగని కాదు, ఈ ఇంటి యజమానిని!"

వదిన నవ్వి నవ్వి కారు తలుపు పట్టుకుని కూలబడింది.

గురువారం వాన పడుతోంది. టెస్టు మైదానానికి వదిన కూడా బయల్దేరింది. "నా కుట్టు నిలబడుతుందో లేదో చూడొద్దూ," అని వెనకసీట్లో ఎక్కింది. టీచరమ్మ ఫోను చేసి చెప్పగానే నర్సు తెల్లటి యూనిఫారంలోనే వచ్చింది. పాత కారు గేటులోంచి తనంతట తాను రావడం చూసి, స్కూలు బండ్ల దగ్గర గొడుగు కింద ఉన్న ఓనరు నోట్లో పోసుకున్న టీ మింగడం మరిచాడు.

టెస్టు ఆఫీసరు గంభీరమైన మనిషి. పక్కసీట్లో కూర్చుని వైపర్లన్నాడు, తిరిగాయి. లైట్లన్నాడు, వెలిగాయి. ఇండికేటర్లు, బ్రేకు లైటు, హారను, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి బాకా ఊదినట్టు పలికాయి. "పాత బండైనా బాగా ఉంచారే," అని గొణిగాడు. నర్సు నాలుక పళ్ళ మధ్య పెట్టుకుంది. వానలో, మసకలో, కర్రల మధ్యకి వెనక్కి పోనిచ్చింది. ఒక్క కర్ర కదల్లేదు. ఆఫీసరు దిగి, చుట్టూ నడిచి చూసి, తల ఊపి సంతకం పెట్టాడు.

నర్సు వానలో పరిగెత్తుకొచ్చి టీచరమ్మను గాల్లోకి ఎత్తేసింది. "రోగుల్ని ఎత్తీ ఎత్తీ ఇది అలవాటైపోయిందండీ," అంది దించుతూ.

ఓనరు గొడుగుతో నెమ్మదిగా వచ్చాడు. "ఏ ఎలక్ట్రీషియను చేశాడు?"

"మా వదినా నేనూ."

వదిన కొంగు ముడి విప్పి ఆయన అరచేతిలో రాగి తీగ పెట్టింది. "హెడ్‌లైట్ల గడిలో ఇది దొరికింది. మీదే కదూ?"

ఓనరు దాన్ని చూశాడు. మిగతా ఇద్దరు టీచర్లు దగ్గరికొచ్చారు. "ఆ రోజు వానలో... ఇల్లు చేరాలి కదా అని..." అని నసిగాడు ఓనరు.

"శనివారం అందరి ముందూ అన్నారు కదండీ," అంది నర్సు. చేతిలో టెస్టు పాసయిన కాగితం ఉంది, ఇంక ఎవరికీ భయపడాల్సిన పనిలేదు. "ఇప్పుడూ అందరూ ఉన్నారు."

వాన గొడుగు మీద టపటపలాడింది. నవ్విన టీచరు ఈసారి నవ్వలేదు.

"బండి కాలింది నా వల్ల," అన్నాడు ఓనరు. చిన్న గొంతుతోనే అన్నాడు గానీ అందరికీ వినపడింది. "టీచరమ్మ తప్పేం లేదు."

టీచరమ్మ ఇలాంటి క్షణం కోసం నాలుగైదు మాటలు సిద్ధం చేసుకుంది. అవేవీ ఇప్పుడు అక్కర్లేదనిపించింది. "మిగతా రెండు బండ్లూ విప్పి చూడాలి," అంది. "చూసేదాకా వాటిలో ఎవర్నీ ఎక్కించకండి."

ఓనరు తన బండ్ల వైపు చూశాడు. వాటి పక్కన వానలో తడుస్తూ నిలబడ్డ స్టూడెంట్ల వైపు చూశాడు. జేబులోంచి తాళాల గుత్తి తీసి ఆమె వైపు చాపాడు.

"చూడండి టీచరమ్మా. మీరెలా అంటే అలా."

ఆ స్కూల్లో చేరిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆమెకు 'అండి' రావడం అదే మొదలు. ఆయనకీ కొత్తగానే ఉన్నట్టుంది, చెప్పాక గొంతు సవరించుకున్నాడు. ఆమె తాళాలు తీసుకుంది. తెల్ల బండిలో డబ్బా శుభ్రంగానే ఉంది. మూడో దానిలో ఇంకో తీగ దొరికింది. ఫ్యూజు కొనుక్కురావడానికి గొడుగేసుకుని ఓనరే వెళ్ళాడు.

వాన వెలిసేసరికి మైదానం ఖాళీ అయింది. నర్సు డ్యూటీకి వెళ్ళిపోయింది. టీచరమ్మ పాత కారు తలుపు తీయబోతే, వదిన అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని ఉంది. కొంగు నడుముకి బిగించింది. సీటు ముందుకి లాక్కుంది.

"ఏంటి వదినా ఇది?"

"బండి నీదన్నాడుగా ఆయన? స్టూడెంట్లూ నీవాళ్ళేనన్నాడుగా? ఎక్కి కూర్చో."

టీచరమ్మ చుట్టూ తిరిగి వచ్చి పక్కసీట్లో కూర్చుంది. నవ్వు ఆపుకుని, రోజూ అందరికీ చెప్పే పాఠం మొదలుపెట్టింది. "ఎడమ కాలి కింద క్లచ్. మెల్లగా వదలాలి, ఒక్కసారిగా కాదు. మధ్యలోది బ్రేకు. ముందు దాన్ని బాగా గుర్తుపెట్టుకో..."

"అది తర్వాత చూద్దాం," అంది వదిన, తడి మైదానం మీంచి చూపు తిప్పకుండా. "ముందుకి పోయేది ఏదో చెప్పు."

చెప్పింది. మొదటిసారి కూర్చున్న ప్రతివాళ్ళ చేతిలోనూ కారు ఎగిరి, తుమ్మి, ఆగిపోతుంది. టీచరమ్మ అలవాటుగా డాష్‌బోర్డు పట్టుకుంది. కానీ అవి ఇన్నేళ్ళు మిషను తొక్కిన కాళ్ళు. ఎంత నొక్కాలో, ఎక్కడ వదలాలో వాటికి తెలుసు. ఇంజను ఒకసారి గురగురలాడి సర్దుకుంది. కారు ఏ కుదుపూ లేకుండా, నీళ్ళ గుంటలను చీల్చుకుంటూ ముందుకి కదిలింది.